ఇంటర్వ్యూ కంటే ముందే కట్టిన ఫ్లెక్సీ

నా ముఖంలో ఆఫీసరు కళ ఉందని మొదట కనిపెట్టింది మా చిన్నాయన. మా నాయనకు సొంత తమ్ముడు. నలభై ఆరేళ్లు వచ్చినా పేరు ముందు నుంచి ‘యువ నాయకుడు’ అనే మాట తీయని మనిషి. ఒక ఆదివారం మా ఇంట్లో బగారన్నం, మటన్ తిని, చెయ్యి కడుక్కోవడానికి లేవకుండానే ఎడమచేత్తో నా గదవ పట్టుకుని ట్యూబులైటు వైపు తిప్పాడు.

“అన్నా, జర జూడు. గీ నొసలు జూడు. గిది ఆఫీసర్ నొసలు గాదా?”

ప్లాటు కొనబోయే ముందు హద్దురాళ్లు చూసినంత శ్రద్ధగా నాయన నా నొసలు చూశాడు. “గట్లనే ఉంది” అన్నాడు.

అప్పటికి నేను బీకాం పాసై ఆరు నెలలు. నొసలు వెడల్పుగా కనిపించడానికి కారణం జుట్టు వెనక్కి జరగడం. ఆ సంగతి నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు. కానీ ఆ సభలో మా ఇద్దరికీ ఓటు లేదు. అలా నాకు ఏ దారి సరిపోతుందన్న ప్రశ్నకు నా తలకాయ పైభాగం చూసి పావు నిమిషంలో జవాబు చెప్పేశారు. లోపల ఏముందో ఎవరూ అడగలేదు. అడిగితే వాళ్లే నిరాశపడేవాళ్లు, అది వేరే సంగతి.

మాది ఎల్బీనగర్ చౌరస్తా దాటాక వచ్చే ఊరు. అంటే ఒకప్పుడు ఊరు. నాకు ఊహ తెలిసేనాటికి కాలనీ. తాత జొన్న వేసిన చోట నాయన ప్లాట్లు వేశాడు. సొంత భూమి అయిపోయాక పక్కవాళ్ల భూములు అమ్మించడం మొదలుపెట్టాడు. ఆ పనిలో ముప్పై ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో నిలబడ్డాడు. లోపల ఫ్యాను కింద కూర్చున్న గుమాస్తా రేపు రమ్మంటే రేపు వెళ్లాడు, ఎల్లుండి రమ్మంటే ఎల్లుండి వెళ్లాడు. అందుకని ఆయన లోకంలో మనుషులు రెండే రకాలు: లోపల కూర్చున్నవాళ్లు, బయట నిలబడ్డవాళ్లు. కొడుకు లోపల కూర్చోవాలి. ఏ ఆఫీసు, ఏం పని అనేది అక్కర్లేదు. కుర్చీ ఉండాలి, బయట నలుగురు నిలబడి ఉండాలి.

అది తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న కాలం. రాష్ట్రం వస్తే ఉద్యోగాలొస్తాయని చిన్నాయన మైకులో చెప్పేవాడు, నాయన కింద నిలబడి నమ్మేవాడు. రాష్ట్రం ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఈలోపు నాతో బ్యాంకు పరీక్షలు రాయించమని సలహా ఇచ్చింది మా మీది వాటాలో కిరాయికి ఉండే మాస్టారు. ఆయనది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. చిన్నాయన పొద్దున చౌరస్తాలో ‘ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె’ అని అరిచి, గొంతు బొంగురుపోతే సాయంత్రం మాస్టారింటికి వెళ్లి మిరియాల పాలు తాగేవాడు. మాస్టారి భార్యే కలిపి ఇచ్చేది. ఆ ఇంట్లో ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. నాకు కనిపించింది గానీ, పాలు నాకూ ఇచ్చేది. అందుకని ఊరుకున్నాను.

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో మనిషి పనిలేనట్టు నిలబడితే చాలు, చేతిలో నాలుగు కాగితాలు పెట్టేవాళ్లు. ఒకటి సాఫ్ట్‌వేర్ కోర్సుది, ఒకటి బ్యాంకు కోచింగ్‌ది, ఒకటి హాస్టల్‌ది, ఒకటి మొలల వైద్యానిది. మొదటి దాంట్లో చేరినవాడికి చివరిదాకా అన్నీ వరుసగా అవసరపడతాయని పంచేవాళ్లకు ముందే తెలుసనుకుంటాను. నేను రెండో కాగితం ప్రకారం, మాస్టారు లెక్కలు చెప్పే సెంటర్లోనే చేరాను. మూడో అంతస్తు, నూట యాభై మంది, ఆరు ఫ్యాన్లు. రైలు ప్లాట్‌ఫారం దాటడానికి ఎంతసేపు పడుతుందో పొద్దున్నుంచి సాయంత్రం దాకా లెక్కగట్టేవాళ్లం. మా గదిలో గాలి ప్రతి ఒక్కడి దగ్గరికీ రావడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ లెక్కగట్టలేదు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. నన్ను ఏ ప్రభుత్వ ఉద్యోగాల్లో కూర్చోబెట్టాలని నాయన ఆరాటపడ్డాడో, ఆ ఉద్యోగాలన్నీ వదిలేసి జనం రోడ్డు మీద టెంటు కింద కూర్చున్నారు. “చూడు నాయనా, అందరు బయటికొచ్చిండ్రు, నన్ను లోపలికి పంపుతున్నవ్” అన్నాను. “వాళ్లు మల్ల లోపలికే పోతరు, నువ్వు బయటనే ఉంటవ్” అన్నాడు నాయన. ఆ మాటలో నిజముంది కాబట్టి నాకు కోపమొచ్చింది.

కోచింగ్ మూసేసినా ఇంట్లో ఉంటే నొసలు చూస్తారని రోజూ నడిచి దిల్‌సుఖ్‌నగర్ పోయేవాణ్ణి. ఒక బంద్ రోజు ఎండ నెత్తిన పడుతుంటే మా కోచింగ్ బిల్డింగ్ సెల్లారులో సగం దించిన షట్టరు కింది నుంచి చల్లటి గాలి వచ్చింది. వంగి లోపలికి తొంగిచూశాను. ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపు. ఏసీ మనుషులకు కాదు, మిషన్‌కు. మిషన్ వేడెక్కితే రంగులు ఒకదాన్లోకి ఒకటి పారతాయట. మనుషులు వేడెక్కితే ఏమవుతుందో బయట చౌరస్తాలో తెలుస్తూనే ఉంది.

“బంద్ గదా అన్నా, షాపు నడిపిస్తున్నవ్?” అని అడిగాను.

షాపు ఓనరు ముప్పై ఐదేళ్ల మనిషి, నల్లగొండ వైపు. తల ఎత్తకుండా అన్నాడు: “బంద్‌కు ఫ్లెక్సీలు ఎవడు కొట్టాలె మరి? నువ్వు కొడ్తవా?”

మిషన్ మీద ‘రేపటి బంద్‌ను జయప్రదం చేయండి’ మెల్లగా బయటికి వస్తోంది. బంద్ పాటిస్తే బంద్ గురించి ఎవరికీ తెలియదు. ఈ చిక్కుముడిని ఆయన సగం షట్టరుతో పరిష్కరించుకున్నాడు. డిజైన్ చేసే మనిషిది ఘట్‌కేసర్, బస్సుల్లేక రాలేదు. ఓనరుకు బొమ్మలు కత్తిరించడం వచ్చు, తెలుగు టైపు రాదు. నాకు కాలేజీలో గోడపత్రిక కోసం నేర్చుకున్న తెలుగు టైపు వచ్చు, ఇంకేమీ రాదు. ఏసీ కోసం కూర్చున్నాను. సాయంత్రానికి నాలుగు ఫ్లెక్సీలు కొట్టి లేచాను. మధ్యాహ్నం అన్నం తినలేదని ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. మా ఇంట్లో అన్నం మర్చిపోవడం జబ్బు కింద లెక్క. అమ్మ నొసలు పట్టి చూసింది, ఈసారి జ్వరం కోసం.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ మర్నాడు కూడా. ఘట్‌కేసర్ డిజైనర్ సమ్మె తర్వాత వేరే షాపులో చేరిపోయాడు. నేను మూడో అంతస్తుకు బయల్దేరి సెల్లారులో ఆగిపోయేవాణ్ణి.

ఫ్లెక్సీ పని అంటే బొమ్మలు అతికించడం అని బయటివాళ్లు అనుకుంటారు. అసలు పని తలకాయలది. పైన గుండ్రంగా చిన్న తలకాయలు: పెద్ద నాయకులు. కుడివైపు నిలువెత్తు మనిషి: లోకల్ నాయకుడు, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో ఎటో చూపిస్తూ. కింద వరుసగా చిన్న తలకాయలు: శుభాకాంక్షలు తెలిపేవాళ్లు. ఎవరి తల ఎంత ఉండాలి, ఎవరి పక్కన ఎవరుండాలి అనే దగ్గర స్నేహాలు పోయేవి. ఉద్యమం కోసం ప్రాణమిస్తామని రాయించినవాళ్లు అర అంగుళం ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్లు కాదు.

ఒకసారి ఒక కాలనీ సంఘం తరఫున అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు కలిసి వచ్చారు. దీక్షా శిబిరానికి ఫ్లెక్సీ. దీక్ష అంటే పొద్దున టిఫిన్ చేసి కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేది. అధ్యక్షుడు నా కంప్యూటర్ తెర మీద వేలు పెట్టాడు.

“ఆయన తలకాయ నా కంటె పెద్దగుంది.”

“లేదన్నా. రెండు ఒకటే సైజు.”

“ఒకటే ఎందుకుండాలె?”

“గట్లయితె నా పేరు తీసెయ్యి” అన్నాడు గౌరవాధ్యక్షుడు. “టెంటు గూడ నాదే, అది గూడ తీస్కపోత.”

ఓనరు చేతులెత్తేశాడు. నేను అధ్యక్షుడి తల అర అంగుళం పెంచాను. గౌరవాధ్యక్షుడి తల పెంచకుండా రెండు అంగుళాలు పైకి జరిపి, వెనకాల సూర్యుడు ఉదయిస్తున్నట్టు వెలుగు పెట్టాను. ఇద్దరూ చెరోవైపు నుంచి చూశారు. ఇద్దరూ గెలిచామనుకుని వెళ్లారు. ఓనరు నన్ను కొత్తగా చూశాడు.

“నువ్వు ఏం జదివినవ్ తమ్మీ?”

“బీకాం.”

“గిది బీకాంల చెప్పిండ్రా?”

“చెప్పలే అన్నా. ఇంట్ల చిన్నాయన ఉన్నడు.”

పొద్దంతా మనుషుల అతిశయాన్ని కొలిచి కత్తిరించి అతికించడం, వాళ్లు వెళ్లాక పడీపడీ నవ్వుకోవడం. ఇంత హాయిగా నాకే పనీ అనిపించలేదు. ‘ఉద్యమ కెరటం’, ‘పోరు బిడ్డ’, ‘ఆపద్బాంధవుడు’ అనే బిరుదులు అడిగినవాడికల్లా పంచేవాణ్ణి. ఒకే వారంలో ఒకే రోల్ మీద తెలంగాణ కావాలనే ఫ్లెక్సీ, కలిసి ఉండాలనే ఫ్లెక్సీ కూడా కొట్టాను. రెండింటికీ అక్షరాలు ఒకటే, సూర్యుడు కూడా ఒకడే.

నవ్వని రోజు ఒకటి ఉంది. దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఉద్యమంలో కొడుకు పోయాడు. ఊళ్లో సంతాప సభకు ఫ్లెక్సీ కావాలి. పిల్లవాడి ఫొటో అని పరీక్ష హాల్‌టికెట్ ఇచ్చాడు. దాని మీదున్న బొటనవేలంత ఫొటో తప్ప వేరే లేదు. సగం ముఖం మీద ముద్ర పడి ఉంది. రోజంతా కూర్చుని ఆ ముద్ర చెరిపాను. చెవి దగ్గర, కనుబొమ్మ దగ్గర ఒక్కో చుక్కా కలిపాను. ‘అమరుడు’ అని రాస్తే ఆయన వంగి చదివాడు.

“చదువు గూడ రాయి బిడ్డా. ఎమ్మెస్సీ. ఫస్ట్ క్లాస్.”

రాశాను. ఆయన తెర మీది ముఖాన్ని చూసి, “గిట్లనే ఉంటుండె” అన్నాడు. అంతే. నా పనిని నేను గౌరవించడం ఆ రోజే మొదలైంది. ఆ తర్వాత కూడా అధ్యక్షుల తలకాయలు చూసి నవ్వాను గానీ, పనిని చూసి నవ్వలేదు.

డిసెంబరులో మాస్టారు దొరికారు. లేదా నేను దొరికాను. కోచింగ్ సెంటర్ ఫలితాల ఫ్లెక్సీ చేయించడానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని సెల్లారులోకి దిగారు. నన్ను చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

“ఏంటయ్యా, క్లాసు మూడో అంతస్తులో కదా, ఇక్కడేం చేస్తున్నావు?”

“క్లాసుకే వస్తున్న సార్. మధ్యల ఆగిన.”

“ఎన్నాళ్లయింది ఆగి?”

“సమ్మె మొదలైనప్పటి సంది.”

“సమ్మె అయిపోయి రెండు నెలలయిందయ్యా!”

“నాకెవ్వరు చెప్పలే సార్.”

ఆయన నవ్వు ఆపుకుంటూ పెన్‌డ్రైవ్ ఇచ్చారు. తెరిచి చూస్తే ముప్పై రెండు తలకాయలు, ‘మా విజేతలు’ అని. అందులో ముగ్గురిని పోయిన వారమే వేరే కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీలో నా చేతులతోనే అతికించాను.

“సార్, గీ ముగ్గురు మన దగ్గర చదివిండ్రా?”

“చదివి ఉంటే బాగుండేది” అన్నారు మాస్టారు, గోడవైపు చూస్తూ.

ఆ తర్వాత మేం ఒకరి గురించి ఒకరం ఎవరికీ చెప్పుకోలేదు. అయితే ఒక షరతు పెట్టారు. “మీ నాన్నగారు నన్ను నమ్మి పంపించారు. రాత పరీక్ష మాత్రం రాయి. పాసయ్యాక వద్దంటే అది నిర్ణయం అవుతుంది. ఫెయిలయ్యి వద్దంటే అది సాకు అవుతుంది.” ప్రతి ఆదివారం మీది వాటాలో కూర్చోబెట్టి లెక్కలు చేయించారు. రైళ్లన్నీ ప్లాట్‌ఫారాలు దాటాయి. బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి రాత పరీక్ష రాశాను. పాసయ్యాను. ఇది ఎవరూ ఊహించలేదు, మాస్టారు తప్ప.

ఫలితం చెప్పిన సాయంత్రం నాయన కాలనీలో నడిచిన తీరు వేరు. “ఇది రాతపరీక్షే నాయనా, ఇంక ఇంటర్వ్యూ ఉంది” అన్నాను.

“ఇంటర్వ్యూల ఏముంటది? ముఖం జూస్తరు. ముఖం ఉంది గద నీకు.”

అప్పుడే చెప్పేసి ఉంటే సరిపోయేది. నాకు ఆ ఉద్యోగం వద్దు, సెల్లారులో ఒక పని దొరికింది అని రెండు వాక్యాలు. ఊళ్లోవాళ్ల డ్రామాలన్నిటికీ సూది గుచ్చేవాణ్ణి, మా ఇంటి డ్రామా దగ్గరికొచ్చేసరికి సూది కనిపించలేదు.

మూడు రోజుల తర్వాత షాపు మెట్లు దిగి చిన్నాయన వచ్చాడు. నేను తెరవైపు తిరిగి కూర్చుని ఉన్నాను. వెనక నుంచి ఆయన గొంతు: “పది బై ఎనిమిది గావాలె. జబర్దస్త్‌గ ఉండాలె. మా పిలగాడు బ్యాంకు ఆఫీసర్ అయిండు.”

నేను కుర్చీ తిప్పాను.

చిన్నాయన నోరు తెరిచాడు. ఓనరును చూశాడు, నన్ను చూశాడు, మిషన్‌ను చూశాడు. “నువ్వు ఈడ ఏం జేస్తున్నవ్‌రా?”

“నీ ఆర్డరే చేస్తున్న చిన్నాయనా. కూసో.”

ఆయనకు విషయం అర్థమవడానికి మూడు నిమిషాలు పట్టింది. తిడతాడనుకున్నాను. కానీ అంతలో తెర మీద తన ఫొటోలు తెరుచుకున్నాయి. పెన్‌డ్రైవ్‌లో పదకొండు ఫొటోలు ఆయనవి, ఒకటి నాయనది, ఒకటి నాది. నాది తిరుపతిలో గుండు కొట్టించుకున్నప్పటిది. ఆఫీసరు నొసలు మెడ దాకా ఉంది.

“చిన్నాయనా, నేను రాసింది క్లర్కు పరీక్ష.”

“ఫ్లెక్సీ మీద క్లర్కు బాగుండదు. ఆఫీసర్ అని కొట్టు.”

“ఇంటర్వ్యూ కాలే ఇంక. పైగా నేను పోదల్చుకోలే.”

“ఫ్లెక్సీ పడ్డంక పోకుంటె ఎట్ల?” అన్నాడు, నిజంగా అర్థం కాక. ఆయన లెక్క ప్రకారం మనిషి తర్వాత, ఫ్లెక్సీ ముందు. ‘యువ నాయకుడు’ అయింది కూడా ఆ దారిలోనే.

“నాయనకు చెప్పకు, నేను ఈడ పని చేస్తున్న అని. నేనే చెప్త.”

చిన్నాయన తెర దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించాడు. “చెప్ప తియ్యి. నా తలకాయ జర పెద్దగ పెట్టు.”

“నాయన కంటెనా?”

“అన్న గదా, ఏమనుకోడు.”

పెట్టాను. ‘బ్యాంకు ఆఫీసర్‌గా ఎంపికైన మా ముద్దుబిడ్డకు హార్దిక శుభాకాంక్షలు’ అని నా చేతులతో నేనే టైపు చేశాను. గుండు మీద జుట్టు అతికించాను. వెనకాల సూర్యుణ్ణి కూడా పెట్టాను. ఇన్నాళ్లూ ఎవరిని చూసి నవ్వానో వాళ్లందరి కంటే కింది వరుసలో ఆ రోజు నేను నిలబడ్డాను. వాళ్లు కనీసం తమ అబద్ధాన్ని నమ్మేవాళ్లు.

ఫ్లెక్సీ కాలనీ గేటు పక్కన కట్టారు. మర్నాటి నుంచి జనం నన్ను ఇంటి లోను గురించి అడగడం మొదలుపెట్టారు. పాలు పోసే ఆమె బర్రె లోను అడిగింది. నాయన రోజూ పొద్దున పేపరుకు పోతున్నట్టు పోయి, గేటు దగ్గర ఆగి, చదువుకుని వచ్చేవాడు. తమ్ముడి తల పెద్దగా ఉందని రెండో రోజే గమనించాడు, ప్రింటోడికి కండ్లు లేవన్నాడు. నేను పప్పులో ఉప్పు తక్కువైందన్నాను.

ఇంటర్వ్యూ కోఠిలో. ఆ రోజు పొద్దున అమ్మ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి పెట్టింది. నాయన నన్ను బండి మీద ఎక్కించుకుని గంటన్నర ముందు బయల్దేరాడు. దారిలో చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా లారీ హారన్ కొట్టింది. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. అంటే ఉద్యమకారులు హైవే మీదే పొయ్యిలు పెట్టి, వండి, కూర్చుని తినడం. అది అయ్యేదాకా ట్రాఫిక్ కదలదు. మూడు పొయ్యిల మీద పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది. వెనకాల పెద్ద ఫ్లెక్సీ. గుర్తుపట్టడంలో పొరపాటు పడటానికి లేదు, నా సూర్యుడే.

మనసులో మొక్కుకున్నాను. ఇంటర్వ్యూ దానంతటదే తప్పిపోతుంది, నేనేమీ అనక్కర్లేదు, నింద ఉద్యమం మీద పోతుంది. అంతకంటే హాయైన దారి ఉంటుందా?

నాయన దిగి, పొయ్యి దగ్గర అజమాయిషీ చేస్తున్న ఒకాయన ముందు చేతులు జోడించాడు. “అన్నా, మా పిలగానికి బ్యాంకు ఇంటర్వ్యూ ఉంది. జర దారియ్యుండ్రి.”

ఆయన నావైపు చూశాడు. ముఖం వెలిగింది. “అరె, గీ తమ్ముడు మనోడే! గా ఫ్లెక్సీ కొట్టింది గీయననే గద! దిల్‌సుఖ్‌నగర్‌ల సెల్లారు షాపు.” తర్వాత అటు తిరిగి కేకేశాడు: “ఏయ్, గంజులు జరుపుండ్రి! మన ఫ్లెక్సీ తమ్మునికి నౌకరీ వస్తుంది, దారియ్యుండ్రి!”

నలుగురు కలిసి ఉడుకుతున్న అన్నం గంజును బట్టలతో పట్టుకుని పక్కకు జరిపారు. బండి పట్టేంత దారి తెరుచుకుంది. ఎవడో ‘జై తెలంగాణ’ అని అరిచాడు. వెనక ఆగిన కార్లవాళ్లు నన్ను మంత్రి కొడుకును చూసినట్టు చూశారు. ఇంతమంది కలిసి నా సాకును ఎత్తి పక్కన పెట్టేశారు.

నాయన బండి ఎక్కలేదు. “ఏ షాపు?” అన్నాడు.

చెప్పాను. ఏసీ దగ్గర మొదలుపెట్టి మాస్టారి దాకా, చిన్నాయన దాకా మొత్తం చెప్పాను. వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివర, “నేను పోను నాయనా” అన్నాను.

ఆయన గడియారం చూసుకున్నాడు. “ఇంక నలభై నిమిషాలుంది.”

“టైము సంగతి కాదు.”

“బ్యాంకుల కుర్చీ ఉంటదిరా. ఫ్యాను ఉంటది.”

“షాపుల ఏసీ ఉంది నాయనా.”

నవ్వలేదు. నా జోకు అంత దిక్కులేకుండా రోడ్డు మీద పడి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. “ముప్పై ఏండ్లు నిలవడ్డరా నేను” అన్నాడు.

“అక్కడ కూసుంటె నేను ఏం జేస్తనో నాకు తెల్వది. ఈడ తెలుసు. గంతే నాయనా.”

గంజు పట్టుకున్నవాళ్లు అడిగారు, “సారు, పోతరా లేదా? చేతులు కాల్తున్నయ్.”

నాయన వాళ్లను చూశాడు, తెరుచుకున్న దారిని చూశాడు. “పోము. పెట్టుండ్రి” అన్నాడు.

గంజు మళ్లీ రోడ్డు మధ్యకు వచ్చింది. కాసేపటికి విస్తరాకుల్లో అన్నం, టమాట పప్పు తెచ్చిచ్చారు. డాంబరు రోడ్డు మీద నాయన పక్కన, ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని కూర్చున్నాను. ఆయన మెల్లగా తిన్నాడు. తింటూ ఎదురుగా ఉన్న ఫ్లెక్సీని చూస్తున్నాడు. ఆయనకు దూరపు చూపు మందం, కళ్లద్దాలు పెట్టుకోడు. విస్తట్లో అన్నం అయిపోవచ్చాక అడిగాడు.

“గా అక్షరాలు నువ్వే కొట్టినవా?”

“ఆ.”

“ఈడికెల్లి మంచిగ చదువొస్తున్నయ్.”

తర్వాత విస్తరి మడిచాడు. దారి తెరుచుకున్నాక బండిని కోఠివైపే పోనిచ్చాడు. ఇంటర్వ్యూకేనేమో అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ బిల్డింగ్ ముందు ఆపాడు. “దిగు” అన్నాడు.

దిగాను. “ఇంట్ల ఏం చెప్తవ్ నాయనా?”

“నేనేం చెప్ప. పొద్దూకినంక నువ్వే వచ్చి చెప్పు. మీ అమ్మకు, చిన్నాయనకు, అందరి ముందట చెప్పు.” బండి స్టార్ట్ చేసి, కదిలేముందు మళ్లీ ఆగాడు. “జోకులెయ్యకుంట చెప్పు.”

ఆయన పెట్టిన షరతు అదొక్కటే. బ్యాంకు ఇంటర్వ్యూ దానికంటే తేలిగ్గా ఉండేది.